నక్షాలో ఉన్న తొవ్వ నేల మీద కూడా ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఐనవోలు మల్లన్న జాతరకు అదనపు బస్సులు నడుపుతారని మీ పేపర్ జిల్లా పేజీలో చదివాను. మంచిదే. తాగునీళ్లు, లైట్లు, బండ్లు ఆపుకునే జాగా అన్నీ వివరంగా రాశారు. కాలినడకన వచ్చేవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నడిచి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారండి. అందులో నేనూ ఒకదాన్ని, అందుకే ఈ ఉత్తరం.

నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా, 36 ఏళ్లు పనిచేసి 2023లో రిటైరయ్యాను. మాది వర్ధన్నపేట మండలంలో ఒక చిన్న ఊరు. మా ఊరి నుంచి ఐనవోలుకు పాత బండ్ల బాట ఒకటుంది. గుట్ట ఎక్కి, బంచరాయి (పశువులు మేసే బీడు) దాటి, చేన్ల నడుమ నుంచి దిగి, ఆకేరు వాగు పక్కన కొంత దూరం సాగి, వాగు దాటి అవతలికి పోతుంది. మా ముసలివాళ్లు దాన్ని మల్లన్న తొవ్వ అనేవాళ్లు. తొవ్వన పోతే మూడు కోసులు, అంటే 9 కిలోమీటర్లు. రోడ్డు మీద చుట్టు తిరిగి పోతే దానికి రెట్టింపు. ఏటా పుష్యమాసంలో, జాతర రద్దీ మొదలు కాకముందే, ఒక రోజు చూసుకుని నేను ఒక్కదాన్నే ఈ తొవ్వన పోయి మల్లన్నకు మొక్కి వస్తాను.

ఈసారి డిసెంబర్ చివరి వారంలో పోయాను. పొద్దున ఆరున్నరకు జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు సద్ది కట్టుకుని, నీళ్ల సీసా, కర్ర పట్టుకుని బయలుదేరాను. ఊరి చివర చలిమంట దగ్గర కూర్చున్నవాళ్లు ఎప్పటిలాగే అడిగారు. "ఏంది నర్సమ్మా, ఒక్కదానివే నడిచి పోతున్నవ్? ఆడోళ్లకు బస్సు ఫ్రీ కదా!"

ఫ్రీ బస్సు వల్ల నాకూ చాలా మేలు జరిగింది. 2023 డిసెంబర్‌లో మొదలైనప్పటి నుంచి వరంగల్‌కు కంటి డాక్టర్ దగ్గరికి దాని మీదే పోయి వస్తున్నాను. కానీ ఈ నడక నాకు వేరే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను నడిచిందంతా ఎవరో ఒకరి కోసం. ఫలానా ఇంట్లో బాలింత, ఫలానా గూడెంలో జ్వరాలు, ఫలానా వాడకట్టులో సూదిమందు తప్పిన పిల్లలు. భుజాన డబ్బా, చేతిలో రిజిస్టర్, మనసులో లెక్కలు. తొవ్వ పక్కన ఏముందో తల తిప్పి చూసే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు ఏ డబ్బా లేకుండా, ఎవరూ ఎదురుచూడకుండా నడుస్తాను. పక్కన మనిషి ఉంటే మాటల్లో పడి తొవ్వను చూడం. అందుకే ఒక్కదాన్నే పోతాను.

గుట్ట మీది బంచరాయి చూస్తే ఎవరికైనా పనికిరాని నేల అనిపిస్తుంది. ఎండిన గడ్డి, పరికి కంపలు, రేగు పొదలు, అక్కడక్కడ ఇంకా పూస్తున్న తంగేడు. ఆ పొద్దున మంచు తేరుకోలేదు. తీతువ పిట్టలు రెండు నా తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. ఊళ్లోని గొర్లన్నీ వానాకాలం మేసేది ఇక్కడే. రేగుపండ్లు అప్పుడప్పుడే పండుతున్నాయి. గుప్పెడు తెంపుకుని కొంగులో వేసుకున్నాను.

బంచరాయి నడుమ ఒక పెద్ద పరుపుబండ ఉంది. బండ మీద మట్టి నిలవదు, గడ్డి మొలవదు. దాని మీద రెండు గాడులు ఉన్నాయి. ఇనుప పట్టా వేసిన బండి గీరలు పోయి పోయి రాయిని అరగదీసిన గాడులు. ఈసారి కూర్చుని వేళ్లు పెట్టి కొలిచాను. నాలుగు వేళ్ల వెడల్పు, లోతు నా చూపుడు వేలికి రెండు కణుపులు. లోపల చెయ్యి పెట్టి రాస్తే గచ్చు నేలలాగా నున్నగా తగిలింది. పక్కన బండ మాత్రం గరుకుగానే ఉంది. ఒక గాడిలో చీమలు వరుసకట్టి పోతున్నాయి. మా నాయన ఈ గాడుల మీదుగానే కచ్చురం తోలుకుని మమ్మల్ని జాతరకు తీసుకుపోయేవాడు. రాత్రి బయలుదేరితే బండ మీదికి రాగానే గీరల చప్పుడు మారేది, ఆ చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. గట్టి రాయి అంత లోతున అరగాలంటే ఎన్ని తరాల బండ్లు పోయి ఉండాలి?

ఇదే బండ పక్కన చింతచెట్టు నీడలో నేను వ్యాక్సిన్ డబ్బా దించి ఆయాసం తీర్చుకునేదాన్ని. డబ్బాలో నాలుగు ఐస్‌ప్యాకులు ఉండేవి. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎండలో ఆలస్యమైతే పాడవుతుంది. పల్స్ పోలియో 1995లో మొదలైనప్పుడు మా సెంటర్ కింది ఊళ్లలో రెండింటికి మోటారు బండి పోయే రోడ్డు లేదు. తర్వాతి ఏళ్లలో ఆదివారం బూత్‌లో చుక్కలు వేసి, ఆ తర్వాత ఇంటింటికి తిరిగి, చేన్లలో పత్తి ఏరుతున్న తల్లుల దగ్గరికే పోయి పిల్లల నోట్లో రెండు చుక్కలు వేసి, వేలి మీద గుర్తు పెట్టేదాన్ని. అదంతా ఇట్లాంటి తొవ్వల మీదే జరిగింది. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు రాలేదు, 2014 మార్చిలో ఇక పోలియో లేదని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ రోజు టీవీలో వార్త చూస్తుంటే నాకు ఈ బండ, ఈ చింత నీడ కళ్ల ముందు మెదిలాయి.

గుట్ట దిగాక అసలు ఇబ్బంది మొదలైంది. పోయినేడు బాట ఉన్న చోట ఈసారి పత్తి చేను ఉంది. బాటను కూడా కలిపి దున్నేశారు. పత్తికట్టె నా నడుము ఎత్తున ఉంది. సరే, గెట్టు వెంట పోదామని తిరిగాను. గెట్టు అవతల మక్క. ఇరవై అడుగులు వేశానో లేదో, దూరం నుంచి కేక.

"నర్సమ్మా! ఆగు! అక్కడ్నే ఆగు, కాలు తియ్యకు!"

కాలు ఆపి కిందికి చూశాను. పిక్కల ఎత్తులో సన్నటి జీఐ తీగ. కట్టెపుల్లలు పాతి, పుల్లకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద తీగ కట్టి ఉంది. నా చీర కుచ్చిళ్లకు తీగకు నడుమ జానెడు దూరం లేదు. ఎండ పడి మెరిస్తే తప్ప కనబడేది కాదు. అడవి పందుల కోసం రాత్రి కరెంటు పెట్టి, పొద్దున తీసేయడం ఆ చేను రైతు ఆ రోజు మరిచిపోయాడు. అతను మోటరు దగ్గరికి ఉరికి ఫ్యూజు పీకి వచ్చేదాకా నేను కదలకుండా నిలబడ్డాను. టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. ఎన్నో కాన్పులు చూసినదాన్ని, రాత్రిపూట ఒంటరిగా తిరిగినదాన్ని, ఇంత భయం ఎప్పుడూ పడలేదు.

ముప్పై ఏళ్ల పిల్లవాడు. వాళ్లమ్మ బాలింతగా ఉన్నప్పుడు నేనే వాళ్లింటికి పోయేదాన్ని, ఇతనికి చుక్కలు వేసిందీ నేనే. గజగజ వణుకుతున్నాడు. "పందులు కంకి మిగలనిస్తలేవు నర్సమ్మా. పది రాత్రులు మంచె మీద కావలి ఉన్న. పాణం ఓర్వలేదు" అన్నాడు. పంట పోతే రైతుకు ఎంత కడుపుకోతో నాకు తెలుసు. అయినా తప్పు తప్పే అని గట్టిగానే చెప్పాను. ఇట్లాంటి తీగలకు తగిలి సొంత చేనులోనే రైతులు చనిపోయిన వార్తలు మీ పేపర్‌లోనే ఎన్నిసార్లు చదివామో. నా ముందే తీగంతా పీకి చుట్ట చుట్టాడు. తర్వాత ఇద్దరం గెట్టు మీద కూర్చుని రొట్టె తిన్నాం.

అప్పుడు అడిగాను, బాట ఎందుకు దున్నినవ్ బిడ్డా అని. అతను చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో ముఖ్యమైన మాట అదే. "నేను రెండేండ్ల కింద ఈ ఎకరం పది గుంటలు కొన్న. బాట పడ్డ నాలుగు గుంటలు గూడ కొలిచి పైసలు తీసుకున్నరు. పాసుబుక్కుల ఎకరం పది గుంటలే ఉన్నది. అప్పు తెచ్చి కొన్న జాగ. బాట ఇడిసిపెడితే నా నాలుగు గుంటలు ఎవరిస్తరు నర్సమ్మా?"

గుంట అంటే 121 గజాలు. నాలుగు గుంటలంటే మా దగ్గర ఇద్దరు అన్నదమ్ములు ఇళ్లు కట్టుకునే జాగా. ఆ పిల్లవాడి మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. కోపం కూడా పోయింది.

అక్కడి నుంచి వాగు దాకా నా బుర్రంతా అదే ఆలోచన. మా బిడ్డ ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అనే ఊళ్లో నర్సు. 2024 ఆగస్టులో నేను వాళ్ల దగ్గర ఉన్నాను. ఒక ఆదివారం అల్లుడు ఊరి బయట గుట్టల మీదికి తీసుకుపోయాడు. ఆ బీడు గుట్టలను మూర్ అంటారట. చెట్టన్నది లేదు. మోకాలెత్తు హెదర్ పొదలు, కంటికి ఆనినంత మేర ఊదారంగు పూలు. మన చేన్ల గెట్ల మీద గునుగు పూసినప్పటి రంగు గుర్తొచ్చింది. కింద పొలాల్లో సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతిగోడలు. ఆ గోడల మీదుగా మనుషులు దాటడానికి మెట్లు. ఒకరి గోధుమ చేను నడుమ నుంచి సన్నటి కాలిబాట, దాని మొదట్లో పసుపుపచ్చ బాణం గుర్తు. ఎవరిదో చేను, మనం పోతే తిట్టరా అన్నాను. అది అందరి తొవ్వ అత్తయ్యా అన్నాడు. అక్కడ రైతు బాటను దున్నుకోవచ్చట. కానీ దున్నిన 14 రోజుల్లోపు మళ్లీ బాట తీసి పెట్టాలి, చేను నడుమ కనీసం ఒక మీటరు వెడల్పు ఉండాలి. ఏ ఊళ్లో ఏ తొవ్వ అందరిదో పటంలో గీసి పెట్టాలని 1949లో చట్టం చేశారు. అదేమీ ఊరికే రాలేదు. ఆ గుట్టలను దొరలు పిట్టల వేటకు కాపలా పెట్టి ఉంచుకుంటే, 1932లో మిల్లు కూలీలు, కుర్రవాళ్లు వందల మంది కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి నడిచిపోయారు. ఐదుగురు జైలుకు పోయారు. భూమి ఒకరిది, దాని మీద తొవ్వ అందరిది, రెండూ ఒకే చోట ఉండొచ్చని నేను అక్కడ కళ్లారా చూశాను. మన దగ్గర మాత్రం ఎందుకు ఉండకూడదు?

వాగు దగ్గరికి వచ్చేసరికి పది దాటింది. ఒడ్డున ఈతచెట్ల నీడలో నడక హాయిగా ఉంది. చెక్‌డ్యాం ఎగువన నీళ్లు నిలిచి ఉన్నాయి. లకుముకి పిట్ట ఒకటి నాకు ముందు ముందు ఎగురుతూ, ప్రతి కొమ్మ మీదా ఆగుతూ చాలా దూరం వచ్చింది. దాటే చోట మాత్రం గుండె కలుక్కుమంది. చిన్నప్పుడు ఈ ఇసుకలో మేము చెలిమె తీసేవాళ్లం. మోచేతి లోతు తవ్వి, మొదట ఊరిన బురదనీళ్లు దోసిలితో ఎత్తిపోసి, కాసేపు ఆగితే అద్దంలాంటి నీళ్లు ఊరేవి. జాతరకు పోయే బండ్లన్నీ అక్కడ ఆగి, ఎడ్లను విప్పి, ఆ నీళ్లతోనే వంట చేసుకునేవి. ఇప్పుడు ఇసుక తోడిన గుంతలు. పైకి మోకాలి లోతు నీళ్లలాగే కనబడతాయి. ఒకదాంట్లో కర్ర దించి చూశాను. నాలుగున్నర అడుగుల కర్ర మొత్తం మునిగింది, అడుగు తగల్లేదు. ఈ ఆకేరే 2024 సెప్టెంబర్ 1 నాటి వానలకు కింద మహబూబాబాద్ జిల్లాలో వంతెనల మీదుగా పారి మనుషుల్ని కొట్టుకుపోయింది. వాన లేని రోజు కూడా ఈ గుంతలు మనిషిని మింగుతాయి. జాతరకు చంకన పిల్లలతో ఎవరైనా ఇటు దాటితే ఏంటి పరిస్థితి? నేను పావుగంట ఎగువకు పోయి రాళ్లు తేలిన చోట దాటాను.

అవతలి గట్టెక్కాక తొవ్వ మళ్లీ బాగుంది. తాళ్ల నడుమ నుంచి పోతుంది. కల్లు గీసి దిగుతున్న ఒక గౌడన్న "ఇటు మనుషులు నడవబట్టి ఎన్నాళ్లాయెనమ్మా" అని ఆగి మంచిచెడ్డ అడిగాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు గుడికి చేరాను. ఒగ్గు పూజారులు రంగుల ముగ్గుతో పట్నం వేస్తున్నారు. మొక్కి, బండారి నుదుట పెట్టుకుని, కాసేపు రాతి మండపంలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. తిరుగు ప్రయాణం జీరో టికెట్ మీద బస్సులోనే.

ఇంటికి వచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. మా ఊళ్లో పాత పట్వారీ గారి ఇంట్లో ఊరి నక్షా, అంటే ఊరి భూముల పాత పటం, ఉంది. పట్వారీ వ్యవస్థ పోయి 40 ఏళ్లైనా ఆ ఇంటివాళ్లు దాన్ని రేకు పెట్టెలో పదిలంగా దాచారు. నేల మీద పరిచి చూశాం. గుట్ట గీతలు, చెరువు, శిఖం, సర్వే నంబర్లు, వాటి నడుమ నుంచి రెండు చుక్కల గీతలు జంటగా మెలికలు తిరుగుతూ వాగు దాకా పోయాయి. అదే మా మల్లన్న తొవ్వ. ఆ పిల్లవాడి చేను నడుమ నుంచే పోతోంది. నక్షాలో అంత స్పష్టంగా ఉన్న తొవ్వ పాసుబుక్‌లో ఎక్కడా లేదు. పాసుబుక్‌లో విస్తీర్ణం ఉంటుంది, ఎకరాలు, గుంటలు. తొవ్వ పోయింది ఎక్కడో కాదు, ఈ రెండు కాగితాల నడుమే.

అందుకే మీ పేపర్ ద్వారా అధికారులను అడుగుతున్నాను. భూముల రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఇకమీదట భూమి అమ్మకాలకు సర్వే పటం కూడా జత చేయాలని అందులో ఉంది. ఆ పటం గీసేటప్పుడే పాత నక్షా పక్కన పెట్టుకుని బండ్ల బాటను కూడా గీయండి. బాట పడ్డ గుంటలను విడిగా కొలిచి, అమ్మే విస్తీర్ణంలోంచి తీసేయండి. అప్పుడు కొనేవాడు బాటకు పైసలు కట్టడు, బాటను దున్నాల్సిన అవసరమూ రాదు. ఇప్పటికే పైసలు కట్టి మోసపోయినవాళ్లకు ఏం చేయాలన్నది కూడా ప్రభుత్వమే చెప్పాలి. ఆ నాలుగు గుంటలను ఒక్క చిన్న రైతు నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

ఇంకో చిక్కు ఉంది. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక ఈ 9 కిలోమీటర్ల తొవ్వ రెండు జిల్లాల పాలైంది. మా వైపు వరంగల్ జిల్లా, ఐనవోలు వైపు హనుమకొండ జిల్లా. మండలాలూ రెండే. అర్జీ ఎవరికి పెట్టాలి? రెండు జిల్లాల కలెక్టర్లు ఒక్కసారి మాట్లాడుకుని, రెండు వైపుల సర్వేయర్లను ఒకే రోజు పంపిస్తే సగం పని అయిపోతుంది.

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. ప్రచారంలో అందరూ సీసీ రోడ్ల గురించే చెప్పారు. నేను ఈ తొవ్వకు సిమెంటు అడగడం లేదు, మట్టి బాటగానే ఉండనివ్వండి. రెండు పక్కలా హద్దురాళ్లు పాతించండి. ఉపాధి పనుల్లో కంప కొట్టించండి. వాగు దాటే చోట ఇసుక తోడకుండా ఆపి, నాలుగు పెద్ద బండరాళ్లు వేయించండి. గొర్ల కాపరులు, గీత కార్మికులు, నాట్లకు పోయే ఆడవాళ్లు రోజూ దీని మీదే నడవాలి. కరెంటు తీగలు పెట్టకుండా ఊరూరా చాటింపు వేయించండి, పందుల బాధకు అటవీ శాఖవాళ్లు రైతులకు వేరే ఉపాయం చూపాలి.

నక్షా జిరాక్స్ కాపీలు నాలుగు తీయించాను. ఒకటి మా సర్పంచ్‌కు ఇచ్చాను. ఒకటి ఆ పిల్లవాడికి ఇచ్చాను, పాసుబుక్‌తో పాటు దాచుకుంటానన్నాడు. రెండు నా దగ్గర ఉన్నాయి. సర్వేయర్లు ఎటు నుంచి వచ్చినా సరే, పరుపుబండ దాకా నేనే ముందు నడిచి తీసుకుపోతాను. గాడులు ఎక్కడున్నాయో అక్కడి నుంచి కొలత మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
వర్ధన్నపేట మండలం, వరంగల్ జిల్లా